చిన్న పిట్టల ఇంటిపేరు మారిన కథ

పక్షులను చూడటం అలవాటు చేసుకున్నవారికి పాలపిట్ట, లకుముకిపిట్ట, జెముడుకాకి వంటివి తొలి నెలల్లోనే పరిచయమైపోతాయి. రంగో, ఆకారమో, కూర్చునే తీరో, ఏదో ఒకటి పేరు చెప్పేస్తుంది. అవన్నీ అయ్యాక మిగిలేవాటితోనే అసలు చిక్కు. వీపున మట్టిరంగో బూడిదరంగో, పొట్ట కింద మాసిన తెలుపు, బొటనవేలికంటే కాస్త పెద్ద ఒళ్లు, పొదలో ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు క్షణం నిలవకుండా తిరిగే స్వభావం. పురుగులను ఏరుకుని తినే ఈ సన్నముక్కు పిట్టలను యూరప్ శాస్త్రజ్ఞులు చాలాకాలం పాటు ‘వార్బ్లర్లు’ అనే ఒక్క మాట కింద, ‘సిల్వియిడే’ అనే ఒక్క కుటుంబం కింద సర్దిపెట్టారు. ఆ కుటుంబం పేరు ఇప్పటికీ ఉంది గాని, అందులో ఒకప్పుడు ఉన్నవాటిలో అత్యధికం వేరుపడి వెళ్లిపోయాయి. మన పెరళ్లలోనూ చేలగట్ల మీదా ఏడాది పొడవునా తిరిగే దర్జీపిట్ట, ప్రినియాలు, గడ్డిలో ఉండే సిస్టికోలా కలిసి ‘సిస్టికోలిడే’ అనే సొంత ఇంటిపేరు తెచ్చుకున్నాయి. ఆ పేరు వాటికి ఎలా వచ్చిందో, పాతది ఎందుకు నిలవలేదో వివరంగా రాయాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. కంటికి కనిపించేదాన్ని నమ్ముకుని కట్టిన వర్గీకరణ, కంటికి పెద్దగా ఏమీ చూపించని ఈ పిట్టల దగ్గరే కూలిపోయిందన్నది నా అభిప్రాయం.

ముందుగా దర్జీపిట్ట సంగతి చెప్పాలి. నెత్తి మీద తుప్పురంగు, వీపున పసరు రంగు, ఎప్పుడూ నిటారుగా ఎత్తిపట్టే తోక దాని గుర్తులు. బరువు పది గ్రాములకు మించదు గాని, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. అది కూసేటప్పుడు మెడకు రెండు పక్కలా నల్లటి మచ్చ బయటపడి, కూత ఆగగానే మాయమవుతుంది. గొంతు సాగినప్పుడు ఈకల సందున కనిపించే నల్లని చర్మమే ఆ మచ్చ. మా ఇంటి వెనుక బాదం మొక్క మీద ఒక జత గూడు కట్టినప్పుడు ఆ పనితనాన్ని దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఆడపిట్ట ఆకు అంచున ముక్కుతో సన్నటి రంధ్రం పొడిచి, అందులోంచి సాలెపట్టునో దూదిపోగునో లాగుతుంది. అది ముడి వేయదు. అవతలికి వచ్చిన పోగు కొస విచ్చుకుని, రంధ్రంలోంచి వెనక్కి జారకుండా తనంతట తానే బిగుసుకుంటుంది. ఇలా ఆకు రెండు అంచులనూ దగ్గరికి లాగి ఒక సంచి తయారు చేసి, ఆ సంచిలో దూదితో, మెత్తటి పీచుతో అసలు గూడు పేరుస్తుంది. ఆకు పైభాగమే బయటివైపుకు ఉండటం వల్ల అది మిగిలిన ఆకులలో కలిసిపోయి, చెట్టు కిందనే నిలబడి చూసినా ఆనవాలు చిక్కదు. ఆకు పచ్చగా ఉన్నంతకాలం అక్కడ గూడు ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియలేదు.

ప్రినియాలది మరో రకం జీవనం. తెలుగు నేల మీద ఐదు రకాల ప్రినియాలు కనిపిస్తాయి. వాటిలో పట్టణాల తోటల్లో కూడా ధైర్యంగా తిరిగేది బూడిద ప్రినియా. పైన బూడిదరంగు, కింద లేత ఇటుకరంగు, పొడుగాటి తోక, ఆ తోక కొసల్లో నలుపు తెలుపు చుక్కలు. పొదలోంచి లేచి ఎగిరేటప్పుడు కిట్ కిట్ మని విరిగే పుల్ల వంటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రెక్కలతో చేస్తుందా, ముక్కుతో చేస్తుందా అన్న వాదం పక్షిశాస్త్రంలో పాతదే. దీని గుడ్లు నున్నగా మెరుస్తూ ముదురు ఇటుకరంగులో ఉంటాయి. ఇంత సాదా పిట్ట అంత అందమైన గుడ్డు పెట్టడం మొదటిసారి చూసినవారెవరికైనా వింతగానే తోస్తుంది. సాదా ప్రినియా వరి, జొన్న చేలలోనూ చెరువుల అంచున రెల్లులోనూ ఉంటుంది. దాని గుడ్లు నీలి ఆకుపచ్చ మీద గోధుమ గీతలతో పూర్తిగా వేరే తీరున ఉంటాయి. అడవి ప్రినియా ముళ్లపొదలున్న రాతినేలల్లోనూ, మిగిలిన రెండూ ఎండు అడవుల అంచుల్లోనూ, తుప్పల్లోనూ దొరుకుతాయి. గడ్డి సిస్టికోలా మాత్రం బీళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగినప్పుడే బయటపడుతుంది. మగది గాలిలోకి లేచి, కెరటంలా పైకీ కిందకీ ఊగుతూ, ప్రతి ఊపుకూ ఒక జిట్ చొప్పున కూస్తూ పోయి, ఉన్నట్టుండి గడ్డిలో పడిపోతుంది. నేల మీద అది కూర్చున్నప్పుడు గుర్తించమంటే నాకు ఇప్పటికీ కష్టమే. గాలిలో ఉన్నప్పుడు మాత్రం పిల్లవాడైనా గుర్తుపడతాడు.

ఇక వర్గీకరణ దగ్గరికి వస్తే, 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ తరహా పిట్టలన్నిటినీ ‘మోటాసిల్లా’ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, వేశాడు. తోకాడిస్తూ నేల మీద నడిచే వాగ్‌టెయిల్ పిట్టలు, నైటింగేల్, ఆకుల్లో తిరిగే వార్బ్లర్లు అన్నీ అందులోనే ఉండేవి. ముక్కు సన్నగా ఉందా లేదా అన్నదే అక్కడ ముఖ్యమైన కొలత. ఆ గంపగుత్త లెక్కకు తొలి గండి ఒక పల్లెటూరి నుంచి పడింది. ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామంలో ఉండిన మతాచార్యుడు గిల్బర్ట్ వైట్, తన చుట్టుపక్కల తోటల్లో అందరూ ఒకటే అనుకుంటున్న చిన్న పచ్చపిట్ట నిజానికి మూడు వేర్వేరు జాతులని కూతల తేడాను పట్టి తేల్చుకుని, 1768 ఆగస్టులో ఆ సంగతిని ప్రకృతి శాస్త్రజ్ఞుడు థామస్ పెన్నంట్‌కు ఉత్తరం రాశాడు. పిట్టను చేతిలో పట్టుకుని ఎంత చూసినా అంతుబట్టని తేడా చెవికి స్పష్టంగా అందిందన్నమాట. ఆ ఉత్తరం అందుకున్న పెన్నంటే మరుసటి ఏడాది, 1769లో, మన దర్జీపిట్టకు శాస్త్రీయనామం పెట్టాడు. ఆయన ఎన్నడూ ఈ దేశాలకు వచ్చినవాడు కాదు. సింహళంలో డచ్చివారి గవర్నరుగా పనిచేసిన లోటెన్ వేయించి తీసుకెళ్లిన బొమ్మలే ఆయనకు ఆధారం. కాబట్టి దర్జీపిట్ట కూడా మొదట మోటాసిల్లా గానే శాస్త్రంలోకి అడుగుపెట్టింది.

పందొమ్మిదో శతాబ్దంలో పేర్ల సంఖ్య విపరీతంగా పెరిగింది. గడ్డి సిస్టికోలాకు 1810లో రాఫినెస్క్ సిసిలీ ద్వీపంలోని పిట్టను చూసి పేరు పెట్టాడు. దక్షిణ యూరప్, ఆఫ్రికా, భారతదేశం మీదుగా ఉత్తర ఆస్ట్రేలియాదాకా వ్యాపించిన పిట్ట కనుక, మన బీడులోనిది కూడా అదే జాతి. 1820లో విలియం లీచ్ ‘సిల్వియిడే’ అన్న కుటుంబనామాన్ని ప్రవేశపెట్టాడు. జావా పిట్టను ఆధారంగా చేసుకుని హార్స్‌ఫీల్డ్ 1821లో ‘ప్రినియా’ ప్రజాతిని ఏర్పరిచాడు. దక్కనులో గణాంకాల అధికారిగా తిరిగిన సైనికోద్యోగి సైక్స్ 1832లో బూడిద ప్రినియాను, సాదా ప్రినియాను వర్ణించాడు. అడవి ప్రినియాకు 1840లో పేరు పెట్టినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన ఈ జెర్డనే 1845లో, చలికాలంలో మన చెరువు గట్ల జమ్ములోనూ వరిపొలాల్లోనూ కనిపించే ‘ప్యాడీఫీల్డ్ వార్బ్లర్’ అనే వలసపిట్టకు కూడా శాస్త్రీయనామం ఇచ్చాడు. నెల్లూరు పేరు చెబితే మనవాళ్లకు కలివికోడి, జెర్డన్ గుర్తొస్తారు గాని, ఈ మట్టిరంగు పిట్టను ఎవరూ తలుచుకోరు. ఇది నాకు కొంచెం అన్యాయంగానే కనిపిస్తుంది.

ఈ కొత్త జాతులన్నీ ఒకదాని తరువాత ఒకటి సిల్వియిడే లోకి చేరిపోయాయి. చేరడానికి కావలసిన అర్హతలు చాలా తక్కువ. ముక్కు సన్నగా ఉండాలి, రెక్కకు పది పెద్ద ఈకలుండాలి, పిల్లపిట్ట ఒంటి మీద మచ్చలుండకూడదు. ఈ చివరి నియమం వల్లనే, పిల్లల ఒంటి మీద మచ్చలుండే ఫ్లైక్యాచర్ల నుంచి వార్బ్లర్లను వేరు చేయగలిగారు. ఆ మాత్రం కూడా నిలకడగా సాగలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మరికొందరు పెద్దలు ఫ్లైక్యాచర్లు, థ్రష్‌లు, బ్యాబ్లర్లు, వార్బ్లర్లు అన్నిటినీ కలిపి ‘మస్కికాపిడే’ అనే మహా కుటుంబం కిందకు తెచ్చారు. సలీం అలీ, డిల్లన్ రిప్లీ కలిసి 1968–74 మధ్య పది సంపుటాలుగా వెలువరించిన భారత పక్షుల గ్రంథం కూడా ఆ పద్ధతినే పాటించింది. అందులో మన ప్రినియాలు ఆ మహా కుటుంబంలోని ఒక ఉపకుటుంబంగా కనిపిస్తాయి. సలీం అలీ అంతకు చాలా ముందే, 1931–32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. దాదాపు అదే కాలంలో తూర్పు కనుమల్లో వెర్నే అనే ఆయన పేరిట మరో సర్వే కూడా జరిగింది. ఈ రెండింటి ఫలితాలూ బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వెలువడ్డాయి. ఏ పిట్ట ఎక్కడ ఉందో, దాని రెక్క ఎన్ని మిల్లీమీటర్లో, ఎప్పుడు గూడు కడుతుందో అంత శ్రద్ధగా నమోదు చేసిన రోజులవి. ఏ పిట్టకు ఏది చుట్టమన్న ప్రశ్న మాత్రం అప్పటికి చేతిలో ఉన్న పనిముట్లతో తెగేది కాదు.

ఆఫ్రికాలో ఇదే కష్టం మరింత పెద్ద ఎత్తున ఎదురైంది. సిస్టికోలా ప్రజాతిలో సుమారు 50 జాతులుండగా, రెండు మూడు తప్ప అన్నీ ఆఫ్రికావే. అన్నీ గోధుమరంగువే, అన్నిటి వీపుల మీదా దాదాపు అవే చారలు. బ్రిటిష్ నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదాలో పనిచేసిన హ్యూబర్ట్ లైన్స్ రిటైరయ్యాక వీటి వెంటపడి, ఆఫ్రికా అంతా తిరిగి, 1930లో ఒక బృహత్ పరిశీలన ప్రకటించాడు. ఆయన రంగును దాదాపు పక్కనపెట్టి కూత, ఎగిరే తీరు, గూడు, ఉండే చోటు వంటివాటిని ఆధారం చేసుకున్నాడు. ఈ పిట్టల ఇంగ్లీషు పేర్ల జాబితా చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకటి ఈల వేసేది, ఒకటి ఏడ్చేది, ఒకటి వాగేది, ఒకటి గిలకలా మోగేది, ఒకటి బుడబుడలాడేది. కంటితో చెప్పడానికి ఏమీ మిగలక, చెవికి వినిపించినదాన్నే పేరుగా పెట్టుకోవలసి వచ్చిన ప్రజాతి పక్షుల్లో ఇంత పెద్దది మరొకటి ఉంటుందని నేననుకోను.

ఒకే రకంగా కనిపించే ఈ పిట్టలు ఒకే వంశానివి ఎందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు వాటి వృత్తిలో ఉంది. ఆకు వెనుక నక్కిన చిన్న పురుగును పట్టాలంటే ముక్కు పట్టకారులా సన్నగా ఉండాలి. సన్నని కొమ్మ చివర వేలాడాలంటే ఒళ్లు తేలికగా ఉండాలి. డేగ కంట పడకుండా పొదలో పనిచేయాలంటే రంగు ఆకునో ఎండుగడ్డినో పోలి ఉండాలి. ఈ మూడు అవసరాలూ ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే కనుక, సంబంధం లేని వంశాలు వేర్వేరు ఖండాల్లో వేర్వేరు కాలాల్లో అదే రూపానికి చేరుకున్నాయి. అమెరికా ఖండాల్లో వార్బ్లర్లనిపించుకునేవి, ఆస్ట్రేలియాలో అదే పేరుతో పిలిపించుకునేవి మన వార్బ్లర్లకు దగ్గరి బంధువులు కావన్న సంగతి చాలాకాలంగా తెలిసినదే. మన ఖండంలోని వార్బ్లర్ల మధ్య కూడా అంతే దూరం ఉండవచ్చని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. సూచనలు లేకపోలేదు. పాటపిట్టల్లో అత్యధిక భాగానికి తోకలో పన్నెండు ఈకలుంటే, ప్రినియాలకు పది మాత్రమే ఉంటాయి. వాటిలో కొన్నిటికి ఏడాదికి రెండుసార్లు ఈకలు రాలి, ఎండాకాలపు తోక పొట్టిగానూ చలికాలపు తోక పొడుగ్గానూ వస్తుంది. ఉత్తర భారతంలోని బూడిద ప్రినియా చలికాలంలో వీపు రంగు కూడా మార్చుకుంటుంది. దక్షిణాదిది ఏడాది పొడవునా బూడిదగానే ఉంటుంది. ఆకులు కుట్టే విద్య దర్జీపిట్ట ఒక్కదాని సొత్తు కాదు. బూడిద ప్రినియా కూడా అప్పుడప్పుడూ ఆకులను కలిపి కుడుతుంది, ఆఫ్రికాలోని క్యామరాప్టెరా పిట్టలు కూడా సాలెపట్టుతో అదే పని చేస్తాయి. చుట్టరికం జాడలు గూటిలోనూ తోకలోనూ ఉన్నాయి గాని, చూసేవారి దృష్టి ముక్కు మీదే నిలిచిపోయింది.

తొలి దెబ్బ 1990లో తగిలింది. అమెరికా శాస్త్రజ్ఞులు చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్క్విస్ట్ ఏళ్ల తరబడి చేసిన డీఎన్‌ఏ జోడింపు ప్రయోగాల ఫలితాలను ఆ ఏడాది ప్రకటించారు. రెండు పక్షుల డీఎన్‌ఏ పోగులను విడదీసి, ఒకదాని పోగును మరొకదానితో జతకట్టించి, మళ్లీ వేడి చేస్తే, చుట్టరికం ఎంత దూరమైతే ఆ జత అంత తక్కువ వేడికే విడిపోతుందన్నది ఆ పద్ధతి సారాంశం. ఆ కొలతల్లో సిస్టికోలాలు, ప్రినియాలు మిగిలిన వార్బ్లర్ల నుంచి స్పష్టంగా వేరుగా నిలబడటంతో వారు సిస్టికోలిడేను వేరే కుటుంబంగా గుర్తించారు. వారి పద్ధతి మీద, లెక్కల మీద విమర్శలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని న్యాయమైనవే. ఈ ఒక్క నిర్ణయం మాత్రం తరువాతి పరిశోధనలన్నిటినీ తట్టుకుని నిలిచింది.

అసలు మార్పు 2006లో వచ్చింది. స్వీడన్‌కు చెందిన పెర్ ఆల్‌స్ట్రోమ్, ఆయన సహచరులు జన్యువుల్లోని అక్షరాల వరుసను నేరుగా చదివి పోల్చారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి ఒక భాగం, కణకేంద్రకం నుంచి ఒక భాగం తీసుకుని సరిచూస్తే, పాత సిల్వియిడే ఏ విధంగానూ ఒకే వంశంగా నిలవలేదు. అందులోని సుమారు 400 జాతుల మధ్యకు భరతపక్షులు, వానకోవెలలు, పికిలిపిట్టలు, బ్యాబ్లర్లు చొరబడి కూర్చున్నాయి. అంటే దర్జీపిట్టకూ, చలికాలంలో మన చింతచెట్ల మీదికి వచ్చే పసరురంగు ఆకు వార్బ్లర్‌కూ మధ్య ఉన్న బంధుత్వం, దర్జీపిట్టకూ పికిలిపిట్టకూ మధ్య ఉన్న బంధుత్వం కంటే దగ్గరిదని చెప్పడానికి ఆధారం లేకుండా పోయింది. ఈ మాట మొదట చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను. పికిలిపిట్టను, ఆకు వార్బ్లర్‌ను, దర్జీపిట్టను ఒకే చెట్టు మీద చూస్తే ఎవరికైనా చివరి రెండే తోబుట్టువుల్లా కనిపిస్తాయి. ఈ పరిశోధకులు ఆకు వార్బ్లర్లకు ‘ఫిల్లోస్కోపిడే’, పొదల్లో దాగే మరికొన్నిటికి ‘సెట్టియిడే’ అని కొత్త కుటుంబాలు ప్రతిపాదించారు. రెల్లులోనూ పొదల్లోనూ తిరిగే రీడ్ వార్బ్లర్లు ‘అక్రోసెఫాలిడే’ అయ్యాయి. గడ్డి వార్బ్లర్లు ‘లోకస్టెల్లిడే’ అయ్యాయి.

ఇందులో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డది సిల్వియా ప్రజాతే. కుటుంబానికి పేరిచ్చిన ఆ పిట్టలు వార్బ్లర్ల మధ్య కాక, గుంపులుగా గోల చేస్తూ తిరిగే బ్యాబ్లర్లకు దగ్గరగా తేలాయి. చలికాలంలో తెలంగాణ, రాయలసీమ తుమ్మచెట్ల మీద కనిపించే తెల్లగొంతు పిట్ట ఈ వర్గానిదే. ఇప్పుడది ‘కర్రుకా’ అనే ప్రజాతిలో ఉంది. నామకరణ నిబంధనల ప్రకారం పాత పేరుకే ప్రాధాన్యం. సిల్వియిడే 1820 నాటిది కనుక, రెండు వర్గాలనూ కలిపితే బ్యాబ్లర్లన్నీ సిల్వియిడే అనే పేరు పెట్టుకోవలసి వచ్చేది. ఆ గందరగోళం రాకుండా సిల్వియిడేను చిన్న కుటుంబంగా కుదించి, బ్యాబ్లర్లను పక్కనే రెండు మూడు కుటుంబాలుగా ఉంచారు. చివరికి మిగిలిన సిల్వియిడేలో మన పెరటి పిట్ట ఒక్కటీ లేదు.

సిస్టికోలిడేలోకి రావలసినవి వచ్చాయి, పోవలసినవి పోయాయి. మడగాస్కర్ ద్వీపంలో బ్యాబ్లర్లుగా చెలామణి అయిన జెరీ అనే చిన్న పిట్టలు ఇందులోకి వచ్చి చేరాయి. ఈశాన్య భారతం నుంచి ఇండోనేషియాదాకా కొండల్లో ఉండే ‘పర్వత దర్జీపిట్ట’ మాత్రం బయటికి వెళ్లింది. తుప్పురంగు నెత్తి, పొడుగు ముక్కు చూసి దాన్ని దర్జీపిట్టల ప్రజాతిలోనే ఉంచారు గాని, జన్యువులు దాన్ని సెట్టియిడే వైపు చూపించాయి. సింధు, బ్రహ్మపుత్ర మైదానాల పొడుగుగడ్డిలో ఉండే ‘బర్నెసీ’ ప్రినియా కథ మరీ ఆసక్తికరం. దానికి పది కాక పన్నెండు తోక ఈకలుంటాయి. దాన్ని పాతవాళ్లు మినహాయింపుగా భావించి ప్రినియాల్లోనే ఉంచారు. 2013లో ఉర్బన్ ఓల్సన్ బృందం పరిశీలించినప్పుడు అది అసలు ప్రినియా కాదని, నేలబ్యాబ్లర్ల కుటుంబానిదని తేలింది. తోకలోని ఆ రెండు ఈకలు ఎప్పటి నుంచో నిజమే చెబుతున్నాయి. ఇప్పటి లెక్కలో సిస్టికోలిడేలో సుమారు 160 జాతులున్నాయి, అందులో అధికభాగం ఆఫ్రికావి.

రంగులేనితనం ఎంత లోతుగా దాచగలదో చెప్పడానికి సిస్టికోలిడే బయటిదైనా ఒక పిట్టను ప్రస్తావించకుండా ఉండలేను. 1867లో ఏ.ఓ. హ్యూమ్, కాంగ్రెస్ స్థాపనలో పాలుపంచుకున్న ఆ హ్యూమే, సట్లెజ్ లోయలో ఒక రీడ్ వార్బ్లర్‌ను సేకరించాడు. ముక్కు కాస్త పెద్దది. మిగిలినదంతా మామూలు మట్టిరంగు. అలాంటిది మరొకటి దొరకకపోవడంతో అది కొత్త జాతా, వేరే జాతిలోని వింత పిట్టా అన్న అనుమానం నూరేళ్లకు పైగా సాగింది. 2002లో స్టఫాన్ బెన్ష్, డేవిడ్ పియర్సన్ ఆ పాత చర్మం నుంచి తీసిన డీఎన్‌ఏతో అది వేరే జాతేనని నిరూపించారు. 2006 మార్చిలో థాయిలాండ్‌లో ఫిలిప్ రౌండ్ వలలో బతికున్నది ఒకటి చిక్కింది. ఆ వార్త వచ్చాక ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం సొరుగుల్లో మళ్లీ వెతికితే, పందొమ్మిదో శతాబ్దంలోనే సేకరించిన మరో పిట్ట, మన దగ్గర చలికాలమంతా చెక్ చెక్ మనే బ్లైత్ రీడ్ వార్బ్లర్ల వరుసలో తప్పు చీటీతో పడి ఉంది. ఆ తరువాత అఫ్ఘానిస్తాన్ ఈశాన్య మూలన పామీర్ కొండల్లో అవి గూళ్లు కట్టే చోటు కూడా బయటపడింది. నిపుణులు చేతిలో పట్టుకుని చూసి, చీటీ రాసి, సొరుగులో పెట్టిన పిట్ట అది. దూరం నుంచి దుర్భిణిలో అర సెకను చూసి ‘ఏదో వార్బ్లర్’ అని రాసుకునే మనలాంటివారు సిగ్గుపడవలసిన పనేమీ లేదు.

ఈ మార్పుల మీద పక్షి ప్రేమికుల్లో విసుగు ఉన్న మాట నిజం. చేతి పుస్తకాల్లో పుటల వరుస మారిపోతుంది, చూసిన పిట్టలను నమోదు చేసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఏటా జాబితా సవరణ వస్తుంది, ఒక జాబితాలో ఒకటిగా ఉన్న కుటుంబం మరో జాబితాలో రెండుగా ఉంటుంది. జాబితాల మధ్య ఈ తేడాలను తొలగించడానికి 2025లో ‘అవిలిస్ట్’ పేరుతో ఉమ్మడి పట్టిక వెలువడింది. సవరణలు ఇక్కడితో ఆగుతాయని అనుకోనక్కరలేదు. పొలంగట్టు మీద నిలబడి పిట్టను గుర్తించాలంటే, ఒకేలా కనిపించేవాటిని ఒకే పుటలో చూపించే పాత పద్ధతే సుఖమని నేనూ ఒప్పుకుంటాను. అది గుర్తింపు సౌకర్యం వరకే. కుటుంబం అని పేరు పెట్టాక అందులో ఉన్నవాటికి ఉమ్మడి పూర్వీకులుండాలి. ఆ పూర్వీకులు ఎవరో తెలిస్తేనే, ఆకు కుట్టడం ఎన్నిసార్లు పుట్టింది, తోక ఈకలు పన్నెండు నుంచి పదికి ఎప్పుడు తగ్గాయి, ఆఫ్రికాలోనే ఇన్ని జాతులు ఎందుకున్నాయి వంటి ప్రశ్నలు అడగడానికైనా వీలవుతుంది. పాత సిల్వియిడే చేతిలో పెట్టుకుని ఇవి అడిగితే జవాబులన్నీ తప్పే వచ్చేవి.

జన్యువులదే ఎప్పుడూ చివరి మాట అని దీన్నిబట్టి అనుకుంటే అదీ పొరపాటే. 2013లో కంబోడియా రాజధాని నాంపెన్ నగర పరిధిలోని ముంపు పొదల్లో ఒక కొత్త దర్జీపిట్టను వర్ణించారు. బూడిదరంగు ఒళ్లు, నారింజ తుప్పురంగు నెత్తి. లక్షలాది జనం మసలే నగరంలో అన్నేళ్లూ ఎవరి లెక్కలోకీ రాలేదు. దాని దగ్గరి బంధువులతో పోలిస్తే డీఎన్‌ఏలో తేడా స్వల్పమే. దాన్ని వేరే జాతిగా నిలబెట్టినవి ఈకల రంగు, ఒంటి కొలతలు, కూత. పరిశోధకులు దానికి ‘ఆర్థోటోమస్ చక్తోముక్’ అని, ఆ నగరం దగ్గర నదులు కలిసే చోటి పాత పేరే పెట్టారు.